ఉద్యోగం మానకుండా పై చదువు: బీఎస్సీ చదివిన డెవలపర్‌కు ఏది మేలు?

మడికొండ జావా (ప్రశ్న):

మిత్రులకు నమస్కారం. నేను కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలలో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ పూర్తిచేసి, ప్రస్తుతం మడికొండ ఐటీ పార్కులోని ఒక సంస్థలో జావా డెవలపర్‌గా పనిచేస్తున్నాను. పనిలో ఇబ్బంది లేదు. అయితే ఇంటి నుంచే పనిచేసే వీలున్న ఉద్యోగాలకు దరఖాస్తు చేసినప్పుడు చాలాచోట్ల విద్యార్హత దగ్గర బీటెక్ లేదా ఎంసీఏ తప్పనిసరి అని ఉండటంతో, నా పని చూడకముందే నన్ను పక్కన పెడుతున్నారు. అమ్మానాన్నలను చూసుకోవలసి ఉన్నందున హన్మకొండ వదలలేను, జీతం లేకుండా ఇల్లు గడవదు కాబట్టి రెగ్యులర్ కోర్సులో చేరలేను. నయీంనగర్‌లోని ఒక కన్సల్టెన్సీ వారు దూరవిద్యలో ఎంటెక్ ఇప్పిస్తామని, తరగతులకు వెళ్లనక్కరలేదని చెబుతున్నారు. దానిలో చేరవచ్చా? లేక ఎంసీఏ మేలా? క్లౌడ్ సర్టిఫికేషన్ ఒక్కటి చేస్తే సరిపోతుందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

కాజీపేట జంక్షన్:

ముందుగా ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. దూరవిద్యలో బీటెక్, ఎంటెక్ చదువులకు మన దేశంలో గుర్తింపు లేదు. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ పట్టాలు ఇచ్చిన డీమ్డ్ విశ్వవిద్యాలయాల వ్యవహారంపై 2017 నవంబరులో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటికే ఆ పట్టాలతో ఉద్యోగాలు, పదోన్నతులు పొందినవారు ఎంత ఇబ్బంది పడ్డారో చెప్పనక్కరలేదు. పైగా మూడేళ్ల బీఎస్సీతో నేరుగా ఎంటెక్‌లో చేర్చుకుంటామన్నప్పుడే అనుమానించాలి.

ఎంసీఏ సంగతి వేరు. దానిని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ అందించడానికి అనుమతి ఉంది. ఒకప్పుడు మూడేళ్లుగా ఉన్న ఆ కోర్సును 2020–21 నుంచి రెండేళ్లకు కుదించారు. ఇంటర్‌లోగానీ డిగ్రీలోగానీ గణితం చదివిన బీఎస్సీ వారు దానికి అర్హులే కాబట్టి మీకు దారి సుగమమే. గుర్తింపు పొందిన సంస్థ నుంచి దూరవిద్యలో లేదా ఆన్‌లైన్‌లో పొందిన పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో స్పష్టం చేసింది. అయితే మీరు చేరే సంస్థకు, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా మండలి వెబ్‌సైటులో స్వయంగా చూసుకోవాలి. నిరుడు ఉన్న అనుమతి ఈ ఏడు కూడా ఉంటుందని అనుకోకూడదు.

ఎన్ఐటీ మన ఊళ్లోనే ఉన్నా, అక్కడి రెగ్యులర్ ఎంటెక్ గేట్ ప్రవేశపరీక్ష ర్యాంకుతో చేరి రోజంతా క్యాంపస్‌లో గడిపేవారికి ఉద్దేశించినది. నెలకు 12,400 రూపాయల స్టైపెండ్‌తో మీ ఇల్లు గడవదని మీ ప్రశ్నలోనే తెలుస్తోంది.

పాత సర్వర్:

నేను చాలాకాలంగా డెవలపర్ల ఇంటర్వ్యూలు చేస్తున్నాను కాబట్టి అవతలి పక్క నుంచి చెబుతాను. సర్టిఫికేషన్‌ను డిగ్రీకి బదులుగా చూడవద్దు. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) వారి సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షలో 130 నిమిషాలలో 65 ప్రశ్నలకు జవాబు రాయాలి, ఆ సర్టిఫికెట్ గడువు మూడేళ్లే. టెర్మినల్‌లో పనిచేసి చూపించవలసిన కుబర్నెటిస్ (చాలా సర్వర్లపై ప్రోగ్రాములను నడిపించే సాఫ్ట్‌వేర్) అడ్మినిస్ట్రేటర్ పరీక్ష సర్టిఫికెట్‌కు ఇప్పుడు రెండేళ్లే గడువు. నేను రెండో దానికే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే అక్కడ ఊహించి టిక్కు పెట్టే వీలు లేదు. కానీ ఏ సర్టిఫికెట్ అయినా మీ దరఖాస్తు నా వరకు వచ్చాకే పనికొస్తుంది. విద్యార్హత గడిలో బీఎస్సీ అని చూసి సాఫ్ట్‌వేరే దానిని తీసి పక్కన పెట్టేస్తే నాకు అది కనిపించదు. ఇది న్యాయం కాదు, కానీ నడుస్తున్నది ఇదే.

ఎంసీఏ సిలబస్ పాతబడిందని చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. మా ప్రాజెక్టులో ఒక రిపోర్టు గంటల తరబడి నడిచేది. ఆ టేబుల్‌కు బ్రాంచి, తేదీ అనే వరుసలో కాంపోజిట్ ఇండెక్స్ (రెండు కాలమ్‌లను కలిపి వేసిన వెతుకులాట సూచిక) ఉంది, క్వెరీ మాత్రం తేదీతోనే వెతుకుతోంది. ఇండెక్స్ ఉంది కదా అని అందరూ సర్వర్‌ను తిట్టుకుంటుండగా, కొత్తగా చేరిన ఒక ఎంసీఏ అమ్మాయి ఇండెక్స్ లోపలి అమరిక అయిన బీ ప్లస్ ట్రీ బొమ్మ గీసి, మొదటి కాలమ్ ఇవ్వకపోతే ఆ ఇండెక్స్ దాదాపు పనికిరాదని, అందుకే టేబుల్ మొత్తం చదువుతోందని చూపించింది. తేదీకి విడిగా ఇండెక్స్ వేయగానే రిపోర్టు నిమిషాలలోకి వచ్చింది. రోజువారీ కోడింగ్‌లో పదేళ్లు గడిపినా ఇటువంటివి తెలియకుండా నెట్టుకురావచ్చు.

ఎంసీఏలో చేరేలోపు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో డేటాబేస్ కోర్సు ఒకటి చదివి చూడండి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే వెయ్యి రూపాయల పరీక్ష రుసుము. ప్రతి వారం అసైన్‌మెంటును గడువులోగా ఇవ్వగలుగుతున్నారో లేదో అక్కడే తేలిపోతుంది.

కరీంనగర్ అక్క:

తమ్ముడూ, నేను ఉద్యోగం చేస్తూనే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో ఎంసీఏ పూర్తిచేశాను. పుస్తకాల కంటే క్యాలెండరుతోనే ఎక్కువ తిప్పలు పడవలసి వచ్చింది. టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ ఉంటాయి. డిసెంబరు అంటే మన ప్రాజెక్టులలో ఏడాది చివరి రిలీజుల కాలం. పరీక్షల తేదీలు రాగానే మేనేజరుకు మెయిల్ పెట్టి, ఆన్‌కాల్ (ఏ వేళ పిలిచినా పనిచేయవలసిన) వంతు ఎవరితోనైనా మార్చుకోవాలి. నోటిమాటగా చెబితే ఆ వారంలో ఎవరికీ గుర్తుండదు.

అసైన్‌మెంట్లు చేతితో రాసి ఇవ్వాలి. కీబోర్డుకు అలవాటుపడిన వేళ్లకు అది ఎంత శిక్షో రాస్తే తెలుస్తుంది. ప్రాక్టికల్ తరగతులకు హాజరు తప్పనిసరి కాబట్టి, చేరేముందే స్టడీ సెంటర్‌కు వెళ్లి అవి ఏ రోజులలో జరుగుతాయో కనుక్కోండి. రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలోపు ముగించే వెసులుబాటు ఉంది. ఇంట్లో పెద్దవారి ఆరోగ్యం బాగాలేని సెమిస్టర్‌లో పేపర్లు తగ్గించుకున్నా నష్టం లేదు.

మడికొండ జావా:

అందరికీ కృతజ్ఞతలు. కన్సల్టెన్సీ వారికి రానని చెప్పేశాను. ఎంసీఏ తరువాత ఉద్యోగంలో ఉంటూనే ఎంటెక్ చేయాలనిపిస్తే వీలుంటుందా?

కాజీపేట జంక్షన్:

ఉంటుంది. బిట్స్ పిలానీ వారు ఉద్యోగుల కోసమే నడిపే ఎంటెక్‌కు మార్కులు, అనుభవం సరిపోతే ఎంసీఏ వారు కూడా అర్హులే. అది తరువాతి మాట. ఇప్పుడైతే ముందుగా ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లను జమచేసే ఖాతా సంఖ్య), దానితో దూరవిద్యా మండలి వారి డెబ్ ఐడీ తీసుకోండి. దూరవిద్యలో చేరాలంటే 2024 నుంచి అది తప్పనిసరి. ఆధార్‌లోనూ పదో తరగతి మెమోలోనూ పేరు ఒకేలా లేకపోతే దానికే వారాలు పడుతుంది కాబట్టి, అడ్మిషన్ల చివరి వారం దాకా ఆగకండి.