బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తూ యూజబిలిటీ నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

కౌంటర్_నంబర్_3

నమస్తే అండీ. కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. చదివింది బీకాం, తెలుగు మీడియం. కోడింగ్ రాదు.

పోయిన ఏడాది మాకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. అందులో బిల్లు తప్పు పడితే రద్దు చేయడానికి ఒక బటన్ ఉంది. అది నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. "ఈ బిల్లు రద్దు చేయాలా?" అని ఉంటుంది. కింద రెండు బటన్లు: "సరే", "రద్దు". బిల్లు రద్దు చేద్దామనుకున్న మనిషి ఏది నొక్కుతుంది చెప్పండి? నేను "రద్దు" నొక్కాను. పెట్టె పోయింది, పని అయిపోయిందనుకుని పేషెంట్ వాళ్లకి డబ్బు తిరిగిచ్చేశాను. రాత్రి క్యాష్ లెక్క చూస్తే 4,200 తక్కువ. బిల్లు ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది! అది కనిపెట్టేసరికి పదకొండు దాటింది. "చూసుకుని నొక్కాలి కదమ్మా" అన్నారు మేనేజరు గారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నెల తిరక్కుండా ఇంకో ఇద్దరు అదే తప్పు చేశారు. అప్పుడు మానిటర్ మీద ఒక చీటీ అంటించాను: "సరే నొక్కితేనే రద్దు". మా తోడికోడలి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఏదో పనిమీద కౌంటర్‌కి వచ్చి ఆ చీటీ చూసి ఒకటే నవ్వు. "పిన్నీ, ఇది నీ తప్పు కాదు. వాడేవాళ్లకి ఎంత తేలిగ్గా ఉందో చూడడాన్ని యూజబిలిటీ అంటారు. హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అని దీనికో సబ్జెక్టే ఉంది" అన్నాడు.

అప్పట్నుంచీ అదే ధ్యాస. యూట్యూబ్ తెరిస్తే సగం వీడియోలు ఆరు నెలల్లో లక్షల జీతం అంటున్నాయి, మిగతా సగం రంగులు ఎలా కలపాలో చెబుతున్నాయి. నాకు ల్యాప్‌టాప్ లేదు, ఫోనే. పిల్లలు పడుకున్నాక ఒక గంట దొరుకుతుంది. ఇంగ్లిష్ నెమ్మదిగా చదవగలను. ఉద్యోగం మారాలని లేదు. ఇది మా తప్పు కాదని కారణం చూపించి చెప్పగలిగితే చాలు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పిక్సెల్_బాబు

అక్కా, ముందు ఫిగ్మా నేర్చుకోండి, స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ అది. మూడు యాప్‌లు రీడిజైన్ చేసి, మీ పని చూపించే పోర్ట్‌ఫోలియో పెట్టండి. బూట్‌క్యాంప్ అయితే 45 వేలు అవుతుంది గానీ సర్టిఫికెట్ ఇస్తారు. ల్యాప్‌టాప్ మాత్రం తప్పదు.

పాత_మౌస్

ఉద్యోగం మారాలని లేదని ఆవిడ రాసింది కదా బాబూ, ఆ 45 వేలు దాచుకోనీ. ఫిగ్మా చెడ్డదని కాదు. టైపు నేర్చుకున్నవాళ్లందరికీ అర్జీ రాయడం వస్తుందా? ఇదీ అంతే.

అమ్మా, నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. అంతకుముందు వరంగల్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు కొట్టేవాణ్ణి, కాబట్టి కౌంటర్ కష్టం నాకు తెలుసు.

ముందు యూజబిలిటీ నిపుణుడు జాకబ్ నీల్సన్ స్క్రీన్ల డిజైన్‌కి రాసిన పది సూత్రాలు చూడండి. 1994 నాటివి. నీల్సన్ నార్మన్ గ్రూప్ సైట్‌లో ఉచితంగానే ఉన్నాయి, ఇంగ్లిష్ కూడా తేలికే, ఫోన్‌లో చదువుకోవచ్చు. బట్టీ పట్టొద్దు. మీ రద్దు పెట్టెను పక్కన పెట్టుకుని ఎక్కడెక్కడ తప్పిందో వెతకండి. నాకు మూడు కనిపిస్తున్నాయి. మీరు మాట్లాడే భాషలో అది మాట్లాడలేదు. పొరపాటు జరగకముందే ఆపలేదు. నొక్కాక ఏం జరిగిందో చెప్పలేదు. "బిల్లు రద్దు కాలేదు" అని ఒక్క ముక్క కనిపించి ఉంటే మీరు ఆ 4,200 ఇచ్చేవారే కాదు.

ఆ సంస్థ పేరులోని నార్మన్ అంటే డాన్ నార్మన్, వస్తువుల డిజైన్ గురించి పుస్తకం రాసినాయన. నెట్టాల్సిన తలుపుకి లాగే పిడి పెట్టి, పైన "నెట్టండి" అని స్టిక్కర్ వేస్తారు చూడండి, అలాంటివాటికి నార్మన్ తలుపులనే పేరు పడిపోయింది. మీ మానిటర్ మీది చీటీ ఆ స్టిక్కరే.

తర్వాత ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ గౌహతి వాళ్ల హెచ్‌సీఐ (మీవాడు చెప్పిన హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షనే) పాఠాలు. వీడియోలు ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. నిజం చెప్పాలంటే కాస్త నిద్రొస్తుంది, 1.25 స్పీడులో పెట్టుకోండి. కానీ కీస్ట్రోక్ లెవెల్ మోడల్ అనే పాఠం మాత్రం వదలొద్దు. అది అచ్చంగా మీకోసమే. కార్డ్, మోరాన్, న్యూవెల్ అనే ముగ్గురు 1980లో ఇచ్చిన లెక్క. చేయి తిరిగినవాళ్లకి ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకను, చేయి కీబోర్డు నుంచి మౌస్ మీదికి పోవడానికి 0.4, బాణం గుర్తును తెర మీద ఒకచోటికి చేర్చడానికి సగటున 1.1.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఐటమ్ కొట్టాక మౌస్ పట్టుకోవాల్సి వస్తుందా? వస్తే లెక్క చూడండి. చేయి మౌస్ మీదికి 0.4, గురి పెట్టడం 1.1, క్లిక్ 0.2, మళ్లీ కీబోర్డు మీదికి 0.4. మొత్తం 2.1 సెకన్లు. అదే ఎంటర్ కొడితే ముందుకు పోయేలా ఉంటే 0.2. ఐటమ్‌కి 1.9 సెకన్లు వృథా. బిల్లుకి 12 ఐటమ్‌లు, రోజుకి 80 బిల్లులు అనుకుందాం. 1,824 సెకన్లు, అంటే అరగంట! ఒక్క కౌంటర్‌లో, ఒక్క రోజులో. "కష్టంగా ఉంది సార్" అంటే వినని మేనేజరు "రోజుకి అరగంట" అంటే తలెత్తి చూస్తాడు.

అసలు నేర్చుకోవడం మాత్రం మనుషుల్ని చూస్తేనే. అయిదుగురు చాలు. 2000లో నీల్సన్ రాసిన వ్యాసం ఉంది, అయిదుగురితో దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని ఆయన లెక్క. పదిహేను మందిని ఒకేసారి కూర్చోబెట్టే కన్నా, అయిదుగురితో చూసి, సరిచేసి, ఇంకో అయిదుగురితో చూడమంటాడు. మీకు ల్యాప్‌టాప్ అక్కర్లేదు. తెల్లకాగితం మీద ఆ పెట్టె గీసి, వేలితో నొక్కమనండి. మీరు మాత్రం నోరు విప్పకూడదు. "అది కాదు, పక్కది" అని గొంతు దాకా వస్తుంది. మింగేయండి. నాకు అది అలవడడానికి రెండేళ్లు పట్టింది.

ఒక జాగ్రత్త. స్క్రీన్ ఫోటోలు తీయకండి, పేషెంట్ల పేర్లుంటాయి. గీసుకోండి.

ఇంటరాక్షన్ డిజైన్ ఫౌండేషన్ వాళ్ల హెచ్‌సీఐ విజ్ఞాన సర్వస్వం కూడా ఉచితమే. ఇప్పుడే వద్దు, అదో సముద్రం.

గుణింతం

నేను యాప్‌లకి తెలుగు అనువాదం చేస్తుంటానండీ. ఆ "రద్దు" ఎలా వచ్చిందో నాకు తెలుసు, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. మాకు స్క్రీన్ చూపించరు. ఎక్సెల్ షీట్‌లో వరసగా మాటలు పంపుతారు. ఒక వరసలో క్యాన్సిల్, ఇంకో వంద వరసల కింద ఇంకో క్యాన్సిల్. రెండింటికీ "రద్దు" అని రాసేస్తాం. ఒకటి బిల్లుని తీసేసేది, ఇంకోటి పెట్టెని మూసేసేది అని మాకెలా తెలుస్తుంది? బటన్ మీద "సరే", "రద్దు" బదులు జరగబోయే పనే రాయాలి: "బిల్లు తీసేయి", "బిల్లు ఉంచు". అప్పుడు పైన ప్రశ్న చదవకపోయినా తప్పు జరగదు. కౌంటర్ దగ్గర పదిమంది నిలబడి ఉంటే ప్రశ్న ఎవరు చదువుతారు?

ఇంకోటి చూడండి. తెలుగు పేర్ల కింద ఒత్తులు తెగిపోతున్నాయా? వరస ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయేలా పెడితే "లక్ష్మి"లో మకారం ఒత్తు కింది గీతలో కలిసిపోతుంది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సైట్‌లో తెలుగు లిపికి ఏమేం కావాలో విడిగా పేజీలున్నాయి. లేత బూడిద రంగు అక్షరాలు కనపడక ఇబ్బంది పడుతుంటే దానికీ అక్కడ కొలత ఉంది: మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, కనీసం 4.5కి 1 ఉండాలి.

కౌంటర్_నంబర్_3

మూడు వారాలయింది, చెప్పి వెళ్దామని వచ్చాను.

పాత బిల్లు కాగితాల వెనక రెండు పెట్టెలూ గీశాను, ఒకటి ఇప్పుడున్నది, ఇంకోటి గుణింతం గారు చెప్పినట్టు. టీ టైమ్‌లో అయిదుగురితో నొక్కించాను. పాతదాంట్లో ముగ్గురు "రద్దు" మీదే వేలు పెట్టారు. ఒకామె తప్పు నొక్కబోయి, తలెత్తి నా మానిటర్ మీది చీటీ చూసి మార్చుకుంది. నవ్వాపుకోలేకపోయాను, మౌస్ గారూ క్షమించండి. కొత్తదాంట్లో అయిదుగురూ సరిగ్గానే నొక్కారు. ఫార్మసీ కుర్రాడు మాత్రం "తీసేశాక మళ్లీ తెచ్చుకోవచ్చా మేడమ్?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పది సూత్రాల్లో అదీ ఉందని ఇంటికెళ్లాక చూశాను.

అరగంట లెక్క మేనేజరు గారికి కాగితం మీద రాసిచ్చాను. రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకున్నారు. ఇంతవరకు ఏమీ అనలేదు, "చూసుకుని నొక్కాలి" అని కూడా అనలేదు.

ఒక డౌటు. పక్క సీటు అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుంటే నేను కొట్టి చూశాను. ఐటమ్‌కి 2.1 రావట్లేదు, 2.8 వస్తోంది. నేనేమీ నెమ్మది కాదండీ, మా కౌంటర్లలో నాదే స్పీడు.

పాత_మౌస్

మీరు నెమ్మదని ఎవరన్నారమ్మా. ఆ 1.1 సగటు మాత్రమే. నొక్కాల్సింది ఎంత చిన్నదైతే, ఎంత దూరముంటే గురికి అంత ఎక్కువ సేపు పడుతుంది. పాల్ ఫిట్స్ అనే ఆయన 1954లోనే, అసలు మౌస్ పుట్టకముందే తేల్చాడు. మీరు క్లిక్ చేసే ఆ గడి ఎంత ఉంటుంది?

కౌంటర్_నంబర్_3

పెసరగింజంత. స్క్రీన్‌కి ఆ చివర.