టర్బో డీజిల్ బండిని లక్షల కిలోమీటర్లు నడుపుతున్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి

కొత్తస్టీరింగ్:
లక్ష దాటిన టర్బో డీజిల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. అమ్మే ఆలోచన లేదు, ఇంకో లక్షన్నర నడపాలని ఉంది. మాన్యువల్‌లో ఆయిల్ 20 వేలకు మార్చమని రాశారు, అంతవరకు ఆగొచ్చా? ఆపే ముందు ఐడిలింగ్ (బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో ఉంచడం) పెట్టాలా? డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంది, కానీ నా తిరుగుడంతా దగ్గర దగ్గర దూరాలే. ఫ్యూయల్ అడిటివ్ పోస్తే లాభం ఉందా? టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కి గుర్తు లేదట.

మసిపొగ:
20 వేలు అన్న లెక్క కొత్త బండి కొనేవాళ్లను మెప్పించడానికి. 10 వేలకు మార్చేయండి. మా బండికి టర్బో (పొగ ఊపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) పోతే కొత్తది వేశారు, కొద్ది రోజులకే అదీ ఈల వేయడం మొదలుపెట్టింది. విప్పించి చూస్తే టర్బోకి ఆయిల్ తెచ్చే సన్న పైపు లోపల మసి గడ్డకట్టి ఉంది. షెడ్డువాళ్లు పైపు ముట్టుకోకుండా టర్బో ఒక్కటే బిగించి పంపారు! టర్బో మార్చే రోజు ఆ పైపు, ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చేదాకా బండి తీసుకోకండి.

లాంగ్‌రూట్:
ఆపే ముందు రెండు నిమిషాల ఐడిలింగ్ తప్పనిసరి. ఇందులో చర్చే లేదు. టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది, ఎగ్జాస్ట్ వేడి 700 డిగ్రీలు దాటుతుంది. టక్కున కీ తిప్పితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులో మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. పైన మసిపొగ గారి పైపు మూసుకుపోవడానికి కారణం కూడా అదే అయ్యుంటుంది.

మసిపొగ:
బండి ఎవరు ఎలా ఆపుతారో చూడకుండా తీర్పు చెప్పేశారు, సంతోషం.

నిదానం:
లాంగ్‌రూట్ గారూ, 700 డిగ్రీలు ఎప్పుడు వస్తాయి? ఘాట్ ఎక్కినప్పుడు, ఫుల్ లోడు మీద హైవేలో తొక్కినప్పుడు. ఇంటికి చేరే ముందు సందుల్లో రెండో గేర్‌లో పాకుతూ వస్తాం కదా, టర్బో అక్కడే చల్లబడుతుంది. హైవే నుంచి నేరుగా బంకులోకి దూరి ఆపేవాళ్లకు మీ సలహా సరైనదే. సెంటర్‌లో పని చూసుకుని వచ్చినవాళ్లకు అది డీజిల్ దండగ.

లాంగ్‌రూట్:
రెండు నిమిషాల ఐడిలింగ్‌కి తాగే డీజిల్ ఎంత, టర్బో ఖర్చు ఎంత? లెక్క వేసుకోండి.

నిదానం:
డీజిల్ సంగతి పక్కన పెట్టండి. ఐడిలింగ్‌లో మంట చల్లగా ఉంటుంది, మసి ఎక్కువ పుడుతుంది, అదంతా డీపీఎఫ్‌కీ, కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌కీ వెళ్తుంది. పైగా చాలా టర్బోల బేరింగు చుట్టూ ఇప్పుడు కూలెంట్ తిరుగుతుంది. మీ సలహా డీపీఎఫ్ లేని రోజుల నాటిది.

షెడ్డుమేస్త్రి:
చదువుకున్నవాళ్లు కొట్టుకుంటుంటే ముచ్చటగా ఉంది. ఈ చేతుల్తో నేను విప్పినన్ని టర్బోలు మీరిద్దరూ కలిసి ఫొటోల్లో కూడా చూసి ఉండరు. ఆపే ముందు ఏం చేశారన్నది తర్వాత, పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి భుర్రుమని రేజ్ చేస్తారే, ముందు చచ్చేది అక్కడ. ఆయిల్ పైకి చేరే లోపే షాఫ్ట్ పొడిగా తిరుగుతుంది. రెండోది ఎయిర్ ఫిల్టర్. దాని బాక్స్ క్లిప్పు సరిగ్గా పడకపోతే దుమ్ము కంప్రెసర్ రెక్కల అంచులు కొరికేస్తుంది. మూడోది ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) గొట్టం. చిన్న చీలిక చాలు. పికప్ పడిపోతుంది, నల్ల పొగ వస్తుంది, ఏ మాత్రం తెలియని మెకానిక్ టర్బో పోయిందని బిల్లు చేతిలో పెడతాడు. టర్బో మార్చమన్న ప్రతిసారీ ముందు గొట్టాలు చూపించమని అడగండి.

వెన్నెలడ్రైవ్:
అడిగినాయన దగ్గర దూరాలు అన్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? డీపీఎఫ్‌లో చేరిన మసి కాలాలంటే 600 డిగ్రీల దాకా వేడి కావాలి. అందుకు ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. మధ్యలో బండి ఆపేస్తే ఆ పని సగంలో నిలిచిపోతుంది, కాలని డీజిల్ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గితే అందరూ కంగారు పడతారు. పెరిగితే మాత్రం ఇంజిన్ చుక్క తాగట్లేదని మురిసిపోతారు! మా కారులో లెవెల్ గీత దాటింది, ఆయిల్ వాసన చూస్తే డీజిలే. అప్పటి నుంచి వారానికోసారి హైవే మీద అరగంట, గేర్ ఒకటి తగ్గించి నడుపుతున్నా. డీపీఎఫ్ హెచ్చరిక లైటు మళ్లీ వెలగలేదు.

ఫుల్‌పికప్:
ఇంత తలనొప్పి ఎందుకు? డీపీఎఫ్ పీకించండి, ఈజీఆర్‌ని ప్లేట్ కొట్టించి మూయించండి, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించండి. బండి గాల్లో తేలుతుంది.

వెన్నెలడ్రైవ్:
వెనకొచ్చేవాళ్లు మీ పొగ పీలుస్తారు. పొల్యూషన్ టెస్టులో ఏం చెబుతారు?

ఫుల్‌పికప్:
అక్కా, టెస్టు సంగతి నాకు వదిలేయండి.

నిదానం:
వదిలేయడానికి ఇది మీ ఒక్కరి గాలి కాదు. చట్టం మాట అటుంచండి, రీమ్యాప్‌తో బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెంచితే క్లచ్ ప్లేటు, గేర్‌బాక్స్ కూడా ఆ భారం మోయాలి. ఆయన అడిగింది ఎక్కువ కాలం నడవడం గురించి, గాల్లో తేలడం గురించి కాదు.

ఫుల్‌పికప్:
డీజిల్ కొనుక్కుని పెట్రోల్ స్కూటర్‌లా నడిపేవాళ్లతో నాకు వాదన వద్దు.

షెడ్డుమేస్త్రి:
పీకమన్న తమ్ముడికి ఒక మాట. డీపీఎఫ్ నిండేది మసితోనే కాదు, బూడిదతో కూడా. మసి కాలుతుంది, ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, పేరుకుంటూనే ఉంటుంది. అందుకే బూడిద తక్కువ వదిలే ఆయిల్ పోయాలి. చాలా కార్లకు డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ3 అని రాసి ఉన్నది పోయాలి, కొన్నింటికి సీ2, ఇంకా వేరేవి. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ ఉంటే అదే. డ్రమ్ములోంచి లూజుగా పోసే ఆయిల్ పోయించి డీపీఎఫ్‌ని తిట్టేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు.

లాంగ్‌రూట్:
మేస్త్రి గారూ, రెండు నిమిషాల గురించి సూటిగా చెప్పకుండా తప్పించుకున్నారు.

షెడ్డుమేస్త్రి:
గట్టిగా తోలి వస్తే నిలబెట్టు, నెమ్మదిగా వస్తే అక్కర్లేదు. నిదానం గారు చెప్పిందే. ఇక వదలండి బాబూ.

లాంగ్‌రూట్:
నేను మాత్రం నిలబెట్టే ఆపుతా. నా టర్బో ఇప్పటికీ కంపెనీ నుంచి వచ్చిందే.

టాప్‌గేర్:
ఐడిలింగ్ ఐడిలింగ్ అంటున్నారు కానీ, మైలేజీ కోసం 1200 ఆర్‌పీఎంలో టాప్ గేర్ వేసి చడావు ఎక్కించేవాళ్ల సంగతేంటి? ఆయిల్ ప్రెషర్ తక్కువగా ఉన్నప్పుడే బేరింగుల మీద పూర్తి లోడు పడుతుంది. ఎప్పుడూ మెల్లగా నడిపే బండిలో టర్బో వేన్‌లు (లోపల కదిలే చిన్న రెక్కలు) కూడా మసితో బిగుసుకుపోతాయి. అప్పుడప్పుడు, ఇంజిన్ వేడెక్కాక, బాగా తొక్కాలి.

నీటిచుక్క:
అడిటివ్ అడిగారు కదా. దానికి పెట్టే డబ్బుతో మంచి డీజిల్ ఫిల్టర్ కొనండి, దాని అడుగున చేరిన నీళ్లు అప్పుడప్పుడు వదిలించండి. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రైల్‌లో ప్రెషర్ 1600 నుంచి 2000 బార్ వరకు, ఇంకా పైకి కూడా పోతుంది. అంత ప్రెషర్‌లో నీటిచుక్క, సన్న ఇసుక నలుసు వెళ్తే ఇంజెక్టర్లు పాడైపోతాయి. ట్యాంకు అడుగంటేదాకా నడిపే అలవాటు కూడా మానుకోవాలి.

పాతడీజిల్:
అందరూ డీపీఎఫ్ చుట్టూ తిరుగుతున్నారు. ఆయన రాసిన చివరి వాక్యం ఒక్కరు కూడా చదివినట్టు లేదు! టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియదట. టర్బో పోతే బండి మెల్లగానైనా ఇంటికి వస్తుంది. బెల్ట్ తెగితే లయ తప్పి పిస్టన్లు పోయి వాల్వులకు కొట్టుకుంటాయి, హెడ్ విప్పాల్సిందే. తెలియదు అంటే మార్చలేదు అనే లెక్క. కొత్తస్టీరింగ్ గారూ, ఆయిల్ సంగతి తర్వాత, ముందు మీ ఇంజిన్‌కి బెల్ట్ ఉందో, చైన్ ఉందో చూసుకోండి.

కొత్తస్టీరింగ్:
బెల్టే అండి. పొద్దున షెడ్డులో కవర్ తీయించి చూశాం, అంచులు పీచులు లేస్తున్నాయి. వాటర్ పంపు కూడా మార్చాలా, బెల్ట్ ఒక్కటే చాలా?

పాతడీజిల్:
పంపును తిప్పేది ఆ బెల్టే అయితే పంపు, టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌ను బిగించి నడిపే చక్రాలు) అన్నీ ఒకేసారి. కిట్‌గా దొరుకుతుంది. అంతవరకు బండి బయటికి తీయకండి.

ఫుల్‌పికప్:
హెడ్ ఎలాగూ విప్పితే ఈజీఆర్ కూడా…

వెన్నెలడ్రైవ్:
హెడ్ ఎవరు విప్పుతున్నారు? చదివి రాయండి.