తొమ్మిదో తరగతి అమ్మాయి పేరుతో నకిలీ ఇన్‌స్టా ఖాతా: ముందు ఏం చేయాలి?

ప్రశ్న (క్లాస్ టీచర్)
మా క్లాసు అమ్మాయి పేరు, ఫొటోతో ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరిచి బూతులు పెడుతున్నారు. రెండు పోస్టుల్లో ఆమె ముఖాన్ని నగ్న చిత్రానికి అతికించారు. క్లాసు వాట్సాప్ గ్రూపులోనూ అవే తిరుగుతున్నాయి. అందరిచేతా రిపోర్ట్ కొట్టించాలా? పిల్లల్ని కూర్చోబెట్టి అడగాలా?

జవాబు (సైబర్ భద్రత శిక్షకుడు)
మేడమ్, ముందు ఆధారాలు, ఆ తర్వాతే రిపోర్ట్. ఖాతా ఎగిరిపోతే చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. యూజర్‌నేమ్ మార్చేస్తే ప్రొఫైల్ లింకు పనిచేయదు కాబట్టి, దానితో పాటు ప్రతి పోస్టు లింకూ కాపీ చేసి, పక్కన తేదీ, సమయం రాసుకోండి. బూతు రాతలకు స్క్రీన్‌షాట్లు తీయండి. స్టోరీలు 24 గంటల్లో పోతాయి, వాటితో మొదలుపెట్టండి.

నగ్న బొమ్మలకు మాత్రం స్క్రీన్‌షాట్ వద్దు, ఆధారమనుకుని హెచ్‌ఎంకు కూడా ఫార్వర్డ్ చేయొద్దు. మైనర్ల అలాంటి చిత్రాలు పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం. లింకులు ఇవ్వండి; బొమ్మ వచ్చిన ఫోన్‌ను ఫార్మాట్ చేయకుండా పోలీసులకు చూపించండి.

ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, మహిళలు, పిల్లల విభాగంలో ఇవ్వాలి. పేరు చెప్పకుండానూ ఇవ్వొచ్చు, కాకపోతే అది ఎంతవరకు వచ్చిందో చూసుకోలేరు. ఆ తర్వాత ఇన్‌స్టాలో ‘వేరొకరిలా నటిస్తున్నారు’ అని రిపోర్ట్ చేయండి. బొమ్మ ఇప్పటికే ఉన్న ఫోన్ నుంచి మైనర్ల నగ్న చిత్రాలను నెట్ నుంచి తీయించే ‘టేక్ ఇట్ డౌన్’ సేవ వాడొచ్చు. బొమ్మ బయటికి వెళ్లదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. కత్తిరించిన కాపీలను అది పట్టుకోకపోవచ్చు. వాట్సాప్ ప్రైవేట్ చాట్లకు పనిచేయదు.

జవాబు (న్యాయవాది)
ఇది బడిలోనే సర్దుకునే విషయం కాదండీ. మార్ఫింగ్ చేసిన బొమ్మ కూడా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం) నిర్వచనంలోకి వస్తుంది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. ‘తల్లిదండ్రులు వద్దన్నారు’ అనే సాకు చెల్లదు. అమ్మాయి స్టేషన్‌కు వెళ్లనక్కర్లేదు, ఇంటి దగ్గరే వాంగ్మూలం ఇవ్వొచ్చు. చేసినవాడు మైనరైతే కేసు బాలల న్యాయ మండలికి వెళ్తుంది, లాకప్‌లో పెట్టరు.

జవాబు (స్కూల్ కౌన్సెలర్)
అందర్నీ కూర్చోబెట్టి విచారించకండి. ఇంకా చూడనివాళ్లు కూడా వెతికి చూస్తారు. ఒక్కొక్కరినీ విడిగా పిలవండి. ఆమెనూ అనుమానమున్నవాళ్లనూ ఎదురెదురుగా నిలబెట్టి క్షమాపణ చెప్పించొద్దు. ఆమె సెక్షన్ మార్చినా, ఫోన్ లాక్కున్నా శిక్ష ఆమెకే పడినట్టు. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు.

ఈరోజే ఆమెతో విడిగా కూర్చుని, ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?’ అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకు అప్పగించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు. పిల్లల సాయానికి చైల్డ్‌లైన్ 1098.