ఇక్బాల్ ఉపన్యాసాలు: రెండోదాని దగ్గర ఆగిపోయాను, ఏ పుస్తకాలు తోడు పెట్టుకోవాలి?

కర్నూలు_ఫిజిక్స్:
నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మత తత్వశాస్త్రం మీద జాన్ హిక్ రాసిన చిన్న పుస్తకం చదివాను. చర్చంతా యూదు, క్రైస్తవ మతాల దేవుడి చుట్టూనే ఉంది. ఇస్లాం వైపు నుంచి ఇలాంటి పని ఎవరు చేశారా అని వెతికితే కవి, తత్వవేత్త ముహమ్మద్ ఇక్బాల్ ఉపన్యాసాల పుస్తకం 'రీకన్‌స్ట్రక్షన్ ఆఫ్ రెలిజియస్ థాట్ ఇన్ ఇస్లాం' దొరికింది.

రెండో ఉపన్యాసంలో దేవుడున్నాడనడానికి చెప్పే మూడు పాత వాదాలనూ ఆయనే కొట్టేస్తారు. పరిమితమైన కార్యాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే దొరికేది పరిమితమైన కారణమేనట. అక్కడిదాకా ఆసక్తిగా చదివాను. తర్వాత జీనో, రసెల్, వైట్‌హెడ్, ఐన్‌స్టైన్, ఫ్రెంచ్ తత్వవేత్త బెర్గ్‌సాన్ వరసగా వచ్చిపడ్డారు. కాలాన్ని నాలుగో కొలతగా చేస్తే భవిష్యత్తు కూడా గతంలాగే ముందే ఖాయమైనట్టు కదా అన్నది సాపేక్షతా సిద్ధాంతం మీద ఆయన అభ్యంతరం. దీన్ని ఎంత పట్టించుకోవాలి? ఆధునిక ఇస్లాం మీద ఏ పరిశోధన గ్రంథాలు పక్కన ఉంచుకోవాలి? ఉర్దూ, అరబ్బీ రావు.

పాతబస్తీ_పాఠకురాలు:
సర్, రెండోదాన్ని అక్కడే ఆపి, ఆరో ఉపన్యాసం తెరవండి. ఇవి మద్రాస్ ముస్లిం అసోసియేషన్ అడిగితే తయారుచేసి మద్రాసు, హైదరాబాదు, అలీగఢ్‌లలో ఇచ్చినవని ముందుమాటలో ఆయనే రాశారు. అది 1929. టర్కీలో ఖిలాఫత్‌ను (ముస్లిం లోకానికి నాయకుడనే ఖలీఫా పదవిని) రద్దు చేసి అప్పటికి అయిదేళ్లే. ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమంలో తిరిగినవాళ్లకు అది ఇంకా పచ్చి గాయం. అలాంటి సమయంలో, ఇజ్తిహాద్ (మూలాల నుంచి కొత్తగా న్యాయ నిర్ణయం తీయడం) చేసే అధికారం ఒక్కో ఫిఖ్ (ఇస్లామీ న్యాయశాస్త్ర) సంప్రదాయానికి చెందిన పండితుల చేతుల్లోంచి ముస్లిం శాసనసభకు మారాలన్నారాయన. ఇప్పుడు చదివినా ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

ఆ ఉపన్యాసంలోనే పంజాబ్ ఆడవాళ్ల ప్రస్తావన ఒకటుంది, దయచేసి దాటేయకండి. అప్పట్లో కోర్టులు పాటించిన హనఫీ న్యాయంలో (ఆ ఫిఖ్ సంప్రదాయాల్లో ఒకటి) భర్తను వదిలించుకోవడానికి భార్యకు దాదాపు దారే లేదు. మతం వదిలేస్తే మాత్రం పెళ్లి రద్దయ్యేది. అందుకని కొందరు మతమే వదిలేశారు. మతాన్ని కాపాడవలసిన శాసనమే జనాన్ని బయటికి నెడుతుంటే దాన్నేం చేయాలని ఇక్బాల్ అడుగుతారు. మతం గురించి తత్వశాస్త్రం అడగవలసిన ప్రశ్న ఇదేనని నా గట్టి నమ్మకం. కారణాన్ని పట్టుకుని దేవుణ్ని రుజువు చేసే వాదం చెల్లుతుందా లేదా అన్నది దీని తర్వాతే.

దీనికి జోడీగా ముహమ్మద్ ఖాసిం జమాన్ 'ది ఉలమా ఇన్ కాంటెంపరరీ ఇస్లాం' (ప్రిన్స్‌టన్, 2002) చదవండి. ఉలేమా (మత పండితులు) అంటే కదలని బండలు, ఆధునికులే అన్నీ కదిపారు అనే కథ అందులో నిలబడదు. దేవబంద్ మదర్సా సంప్రదాయానికి చెందిన అష్రఫ్ అలీ థానవీ 1930ల మొదట్లో ఇదే సమస్యను చేపట్టి, మరో ఫిఖ్ సంప్రదాయమైన మాలికీ నుంచి నియమాలు తెచ్చుకుని దారి చూపారు. తర్వాత 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా భార్య విడాకులు అడగొచ్చు. ఇస్లాంను వదిలినంత మాత్రాన ఇక పెళ్లి రద్దు కాదు. అయితే ముస్లిం న్యాయమూర్తే విచారించాలన్న షరతు చివరి రూపంలో లేకపోవడం ఉలేమాకు నచ్చలేదు. ఆ చట్టం మనకిప్పటికీ అమల్లో ఉంది. మా బంధువుల్లో ఒకామె కేసు దాని కిందే నడిచింది కాబట్టి నాకిది పుస్తకాల్లోని సంగతి కాదు.

ఇక్బాల్‌తో నాకు పేచీ లేదనుకోకండి. కూతురి వారసత్వ వాటా సగమే ఎందుకంటే మెహర్ (పెళ్లిలో భర్త భార్యకిచ్చే సొమ్ము), భర్త పెట్టే పోషణ కలిపి లెక్క చూడమంటారు. పోషణే అందని భార్యల గురించి అదే ఉపన్యాసంలో అంత బాధపడిన మనిషి ఈ లెక్క దగ్గర ఎలా తృప్తిపడ్డారో నాకు మింగుడుపడదు.

మీ ఫిజిక్స్ ప్రశ్నకు ఫజ్లుర్ రహ్మాన్ 'ఇస్లాం అండ్ మోడర్నిటీ' (షికాగో, 1982) ఉంది. పాకిస్తాన్‌లో ఇస్లామీ పరిశోధన సంస్థను నడిపి, వ్యతిరేకత తట్టుకోలేని స్థితిలో 1968లో దేశం వదిలిన పండితుడాయన. పరమాణు భౌతికశాస్త్రం నుంచి మనిషి స్వేచ్ఛను రుజువు చేయబోయిన అప్పటి శాస్త్రవేత్తలను ఇక్బాల్ అతిగా నమ్మారని, ఆ పునాది పాతబడిందని అంటారు. ఇక్బాల్ మీద గౌరవం ఉండీ ఆ మాటన్నారు, అందుకే దానికి విలువ.

గుంటూరు_ఫిలాసఫీ:
మేడమ్ చెప్పిన పుస్తకాలన్నీ మంచివే. వరస దగ్గరే నేను ఒప్పుకోను. ఆరో ఉపన్యాసం పేరులోనే 'చలన సూత్రం' ఉంది. ఆ చలనం ఏమిటో చెప్పేది రెండోది. లోకం ఇంకా తయారవుతూనే ఉందని ఒప్పుకుంటేనే శాసనం కూడా మారుతుందన్న మాటకు బలం. లేకపోతే అది ఒట్టి న్యాయ సంస్కరణ.

సర్, రెండోదాన్ని ఫిజిక్స్‌గా తూచకండి. పదార్థం, ప్రాణం, చైతన్యం అని అనుభవాన్ని మూడు మెట్లుగా తీసుకుంటారు. చివరికి ఆధారపడేది లోపల మనం కాలాన్ని ఎలా అనుభవిస్తామన్న దాని మీద. బెర్గ్‌సాన్ 'టైమ్ అండ్ ఫ్రీ విల్' రెండో అధ్యాయం ముందు చదివితే ఆ పేజీలు తేలికవుతాయి. సృష్టి ప్రవాహానికి ఉద్దేశం లేదన్న దగ్గర బెర్గ్‌సాన్‌తోనూ ఇక్బాల్ విభేదిస్తారు. అక్కడ నెమ్మదిగా చదవండి.

కర్నూలు_ఫిజిక్స్:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆరోది రాత్రే మొదలుపెట్టాను. పంజాబ్ సంగతి ఉన్న పేజీ చదివాక 1939 చట్టం పాఠం కూడా దించుకున్నాను, చిన్నదే. నా దగ్గరున్నది వివరణలు లేని ప్రతి. పేర్లన్నీ వెతుక్కోవాల్సి వస్తోంది. ఏ ముద్రణ కొనాలి?

పాతబస్తీ_పాఠకురాలు:
ఎం. సయీద్ షేక్ వివరణలతో వచ్చినది తీసుకోండి సర్, 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఇక్బాల్ పేరు మాత్రమే చెప్పి వదిలేసిన చాలా చోట్ల మూలం ఏదో వెతికిపెట్టారాయన. 1930 లాహోర్ ప్రతిలో ఆరు ఉపన్యాసాలే ఉంటాయి, ఏడోది 1934 ఆక్స్‌ఫర్డ్ ముద్రణలో చేరింది. కాబట్టి పాత స్కాన్ దించుకునేటప్పుడు విషయసూచిక చూసుకోండి. జమాన్ పుస్తకంలో ముందుగా థానవీ ఉన్న భాగం చదివి, 1939 చట్టంలో నాలుగో సెక్షన్ పక్కన పెట్టుకోండి. మతం మార్పు సంగతి ఉన్నది అక్కడే.