స్కూల్ లైబ్రరీలో పుస్తకాలున్నాయి, పిల్లలు మాత్రం చదవట్లేదు.. ఎక్కడ మొదలుపెట్టాలి?

హూడి_అమ్మ:
అందరికీ నమస్తే. మేముండేది బెంగళూరు హూడి దగ్గర, మా పాప మూడో క్లాసు. వాళ్ళది ఐదో క్లాసు వరకే ఉన్న చిన్న స్కూలు. లైబ్రరీ చూసుకోడానికి పేరెంట్స్ ఎవరైనా వస్తారా అని అడిగితే నేను సరే అన్నాను, వారానికి రెండ్రోజులు వెళ్తున్నా. రెండు గాజు బీరువాలు, వాటి తాళాలు ఆఫీసులో. మూడొందల దాకా పుస్తకాలు ఉంటాయి, చాలావాటిని తెరిస్తే పేజీలు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి, చూస్తే నిజంగా ప్రాణం ఉసూరుమంది. లైబ్రరీ పీరియడ్‌లో రోల్ నంబర్ల వరసలో తలా ఒకటి ఇస్తాం, నలభై నిమిషాలు అయ్యాక లెక్కపెట్టి లోపల పెట్టేస్తాం, ఇంటికి ఇవ్వరు, చదివినదాని గురించి ఐదు లైన్లు రాయాలి. పిల్లలు బొమ్మలు తిరగేసి పక్కవాడితో కబుర్లు. మొన్న రెండో క్లాసు బాబు ఒకడు నా కొంగు పట్టుకుని "ఆంటీ, ఇందులో పులి గెలుస్తుందా మేక గెలుస్తుందా చెప్పు, నాకు చదవడం రాదు" అన్నాడు, ఆ రాత్రంతా అదే గుర్తొచ్చింది. వాడికి కథ కావాలి కదా, మరి మనమేం ఇస్తున్నాం?

క్లాసులో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ ఇళ్ళ పిల్లలు అందరూ ఉన్నారు. ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ళకి స్టార్లు అతికించే చార్ట్ పెడదామంటున్నారు హెడ్ మేడం. మంచిదేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

యలహంక_టీచరమ్మ:
అమ్మా, నేను హిందూపురం వైపు ప్రైమరీ స్కూళ్ళలో ముప్పై ఏళ్ళు చేసి ఇప్పుడు మా అబ్బాయి దగ్గర యలహంకలో ఉంటున్నా. ఆ తాళం సంగతి నాకు బాగా తెలుసు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని ప్రైమరీ స్కూళ్ళకి ప్రభుత్వ పథకం వచ్చింది, బోర్డులు, పటాలు, ఆట సామాన్లతో పాటు లైబ్రరీ పుస్తకాలు కూడా ఇచ్చారు, మాకూ ట్రంకు పెట్టె నిండా వచ్చాయి. స్టాకు రిజిస్టర్‌లో ఎక్కించాం, తాళం వేశాం. ఒక్కటి పోయినా ఇన్‌స్పెక్షన్‌లో ఏం జవాబు చెప్పాలోనని భయం. ఆ పెట్టెలో పుస్తకాలు పిల్లల కంటే ఎక్కువ చెదలు చదివాయమ్మా, ఆ తప్పులో నా భాగం కూడా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా, ముందు తాళం తీయించు.

తర్వాత గోడకి మేకులు కొట్టి పిల్లల ఎత్తులో రెండు దండేలు కట్టు. సన్నటి బొమ్మల పుస్తకాలు మధ్యకి తెరిచి దండెం మీద వేసెయ్, అట్ట వాళ్ళకి కనపడాలి, బీరువాలో వీపులు కనపడితే చిన్నపిల్లాడికి ఏం తెలుస్తుంది. రోల్ నంబర్ పద్ధతి మానెయ్, ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకోనీ. పీరియడ్ మొదట్లో పదిహేను నిమిషాలు నువ్వే ఒక కథ పైకి చదువు, పుస్తకం వాళ్ళవైపు తిప్పి పట్టుకుని, పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగి "ఇప్పుడేమవుతుంది?" అని అడుగు. చదివిన పుస్తకం దాచెయ్యకు, అక్కడే వదిలెయ్, దానికోసం కొట్టుకుంటారు చూడు. చిరిగితే మైదా జిగురు, పల్చటి కాయితం పెట్టి పిల్లల చేతే అతికించు.

బీటీఎం_నాన్న:
భాష గురించి నాకు తెలిసింది చెప్తానండి. ప్రథమ్ బుక్స్ అని మన బెంగళూరులోనే 2004లో మొదలైన సంస్థ ఉంది, వాళ్ళు 2015 నుంచి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ నడుపుతున్నారు. పిల్లల బొమ్మల కథలు ఫ్రీగా చదవొచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, ఓపెన్ లైసెన్స్, అంటే ఎవరైనా వాడుకోవచ్చని వాళ్ళే అనుమతి ఇచ్చారు, కాబట్టి ఇబ్బంది లేదు. ఒకటి నుంచి నాలుగు దాకా లెవెల్స్ ఉంటాయి, ఒకటో లెవెల్‌లో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే. ఒకే కథ తెలుగులో, కన్నడలో, తమిళంలో, హిందీలో దొరికేవి చాలా ఉన్నాయి, అవి తీసి పక్కపక్కన పెట్టండి.

మా పెద్దోడికి స్కూల్లో కన్నడ వచ్చు, తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు, నేనేమో అఆలు దిద్దించబోయి రోజూ గొడవ. ఒకరోజు ఒకే కథ రెండు భాషల్లో ప్రింట్ తీసి ఊరికే అక్కడ పెట్టా, వాడే "నాన్నా, ఈ గ అదే, న అదే, బ అదే, పైన తలకట్టు మాత్రం వేరే" అని మొదలెట్టాడు. రెండు లిపులూ ఒక తల్లి పిల్లలే కదండీ. క, త దగ్గర కొంచెం తికమకపడ్డాడు, కానీ నెల తిరిగేసరికి తెలుగు పుస్తకం కూడబలుక్కుంటూ చదివేశాడు. బెంగళూరులో ఉన్న మన పిల్లలకి ఇదొక పెద్ద లాభం.

లైబ్రరీ_సైన్స్:
నేను ఇక్కడ ఒక స్కూల్లో లైబ్రేరియన్‌ని. టీచరమ్మ గారు చెప్పినవన్నీ కరెక్ట్. ఒక్క స్టార్ల చార్ట్ మాత్రం వద్దండి, మా దగ్గర ఒక ఏడాది పెట్టి చూశాం, ఐదో క్లాసు పిల్లలు కూడా లెక్క పెరగాలని ఎనిమిది పేజీల పుస్తకాలే తీసుకున్నారు, నెమ్మదిగా చదివే పిల్లలు చార్ట్ ఉన్న గోడ వైపు చూడటమే మానేశారు. అలాగే ఆ ఐదు లైన్లు కూడా ఆపించండి, సినిమా చూసొచ్చాక మనల్ని ఎవరైనా పరీక్ష రాయమంటే మళ్ళీ వెళ్తామా?

మా లైబ్రేరియన్ల గురువులందరికీ గురువు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే లైబ్రరీ ఎలా నడవాలో ఐదు సూత్రాలు రాశారు, మొదటిదే పుస్తకాలు వాడకానికి అని, రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అని. ఆయన చివరి రోజులు గడిపింది కూడా ఈ బెంగళూరులోనే. మీ బీరువాకి ఆ మొదటి సూత్రం చాలు. సొంతంగా చదివేవాడికి పుస్తకం ఎలా కుదర్చాలంటే ఒక పేజీ చదివించి రాని మాటకో వేలు ముడవమనండి, ఐదు వేళ్ళూ ముడుచుకుంటే అది ఇప్పటికి వాడికి కష్టం, కానీ మనం చదివి వినిపించడానికి మాత్రం పనికొస్తుంది. కబ్బన్ పార్కులో పిల్లల కోసమే విడిగా ఇందిరా ప్రియదర్శిని లైబ్రరీ ఉంది, ఒకసారి అందర్నీ తీసుకెళ్ళండి.

హూడి_అమ్మ:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. హెడ్ మేడం ముందు ఒక్క బీరువాకే ఒప్పుకున్నారు, దండేలు కట్టేశాం, స్టార్లు లేవు, ఐదు లైన్లు ఈ టర్మ్ వరకు ఆపారు. శుక్రవారం అరవై సన్న పుస్తకాలు ఇళ్ళకి ఇచ్చాం, సోమవారం యాభై ఎనిమిది వచ్చాయి, ఒకదాని మీద పసుపు మరక, వాళ్ళ అవ్వ వంట చేస్తూ చదివించుకుందట. రెండు రాలేదు, మేడం ముఖం చూడలేకపోయా, కానీ మా ఇంట్లో ఉన్నవి రెండు తెచ్చి పెట్టా.

ఆ రెండో క్లాసు బాబు పులి మేక కథ నా చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. నిన్న వాడే దండెం మీంచి తీసుకుని, మా పాపని పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి మొత్తం చెప్పాడు. సగం గుర్తుంచుకుని చెప్తున్నాడని తెలుస్తూనే ఉంది, కానీ 'మేక' దగ్గరికి వచ్చేసరికి వేలు సరిగ్గా ఆ మాట మీదే ఆగింది.

బీటీఎం_నాన్న గారూ, తెలుగు కన్నడ జంటగా ఓ ఇరవై కథలు రంగుల్లో ప్రింట్ తీయించాలి, మీరు ఏ కాగితం మీద తీయించారు, ఎంతయింది? టీచరమ్మ గారూ, మైదా జిగురుకి పురుగు పట్టకుండా ఏం కలుపుతారు?