ఉత్పలమాల 355799వ వృత్తం ఎలా అయింది?

వైట్‌ఫీల్డ్ నుంచి ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. ఛందస్సు పుస్తకాలలో ఉత్పలమాల గణాలు చెప్పిన తరువాత, ఇది కృతి ఛందంలో 355799వ వృత్తమని ఒక వాక్యం కనిపిస్తుంది. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో వెదుకుతూ వెళితే, కేదారభట్టు వృత్తరత్నాకరంలోని ఈ శ్లోకం దగ్గర ఆగిపోయాను.

ఉద్దిష్టం ద్విగుణానాద్యాదుపర్యంకాన్ సమాలిఖేత్
లఘుస్థా యే తు తత్రాంకాస్తైః సైకైర్మిశ్రితైర్భవేత్

దీని అన్వయం నాకు సరిగా కుదరడం లేదు. పీయూసీలో కంప్యూటర్ సైన్సు చదువుతున్న మా అమ్మాయి మాత్రం ఇది తన బైనరీ పాఠంలా ఉందంటోంది. ఆ మాట ఎంతవరకు నిజమో దయచేసి వివరించగలరు.

మల్లేశ్వరం నుంచి సమాధానం:

అమ్మాయి సరిగానే పోల్చుకుంది. ముందుగా అన్వయం చూద్దాం. ఆద్యాత్, అంటే మొదటి అక్షరం నుంచి, ద్విగుణాన్ అంకాన్, అంటే రెట్టింపవుతూ పోయే అంకెలను, ఉపరి సమాలిఖేత్, అక్షరాల పైన వ్రాయాలి. తత్ర, వాటిలో, లఘుస్థాః యే అంకాః, లఘువుల మీద నిలిచిన అంకెలు ఏవో, వాటిని కలిపి, సైకైః, ఒకటి చేర్చితే ఉద్దిష్టం, అంటే ఆ వృత్తం యొక్క వరుస సంఖ్య, వస్తుంది.

దీనికి ముందు ప్రస్తారం ఏమిటో తెలిసి ఉండాలి. ఇన్ని అక్షరాల పాదంలో గురులఘువులు ఎన్ని విధాలుగా అమరగలవో, అన్నింటినీ ఒక నియమంతో వరుసగా పేర్చడమే ప్రస్తారం. మొదటి వరుసలో అన్నీ గురువులు, చివరి వరుసలో అన్నీ లఘువులు ఉంటాయి. మూడు అక్షరాలకు వచ్చే ఎనిమిది వరుసలే మ, య, ర, స, త, జ, భ, న గణాలు. వాటిని ఈ క్రమంలోనే చెప్పడానికి కారణం కూడా ప్రస్తారమే. అక్షరం పెరిగినప్పుడల్లా వరుసలు రెట్టింపవుతాయి కనుక 20 అక్షరాల కృతి ఛందంలో 1048576 వృత్తాలకు చోటు ఉంటుంది.

భగణాన్ని తీసుకోండి. గురువు, లఘువు, లఘువు. వాటి పైన 1, 2, 4. లఘువుల మీద ఉన్నవి 2, 4. వాటి మొత్తం 6, ఒకటి కలిపితే 7. మ నుంచి లెక్కపెడితే భగణం ఏడవదే. గురువును సున్నగా, లఘువును ఒకటిగా భావిస్తే ఇది బైనరీ సంఖ్యను దశాంశంలోకి మార్చడమే తప్ప వేరు కాదు. తేడాలు రెండే. బైనరీలో ఒకట్ల స్థానం కుడి చివర ఉంటుంది, ఇక్కడ ఎడమ చివర ఉంటుంది. కాబట్టి గలల అన్న భగణాన్ని బైనరీలో 110 అని తిప్పి వ్రాయాలి. రెండవది, మన వారి వరుస సున్నతో కాక ఒకటితో మొదలవుతుంది. శ్లోకంలోని 'సైకైః' అన్న మాట పని అదే.

తిరుగు దారికి నష్టమని పేరు. వరుస సంఖ్య తెలుసు, వృత్తం రూపం పోయింది. దానిని తిరిగి రాబట్టాలి. దీనికి పింగళుని ఛందశ్శాస్త్రం ఎనిమిదవ అధ్యాయంలో రెండు చిన్న సూత్రాలు ఉన్నాయి: 'లర్ధే', 'సైకే గ్'. సంఖ్య సగమైతే లఘువు వ్రాయి. సగం కాకపోతే ఒకటి కలిపి సగం చేసి గురువు వ్రాయి. 7 బేసి, కనుక గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేస్తే 4; అది సరి, లఘువు, 2; అదీ సరి, లఘువు. గలల వచ్చింది. అమ్మాయి పాఠంలో 6ను రెండుతో భాగిస్తూ పోతే శేషాలు వరుసగా 0, 1, 1 వస్తాయి. ఆమె వాటిని కింది నుంచి పైకి చదువుతుంది, పింగళుడు పుట్టిన క్రమంలోనే వ్రాసుకున్నాడు.

ఇక ఉత్పలమాల. భ ర న భ భ ర వ గణాలలో లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాలలో ఉన్నాయి. వాటి మీది అంకెలు 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144. మొత్తం 355798, ఒకటి కలిపితే 355799. లక్షల వరుసలు వ్రాయనక్కరలేదు. పన్నెండు అంకెల కూడిక చాలు.

ఒక్క మాట. దీనిని చూపి బైనరీ గణితమంతా మనదేనని చాటుకునే వారు ఉన్నారు; నాకు అది అతిగా తోస్తుంది. ఇక్కడ ఉన్నది వరుసకు సంఖ్యను, సంఖ్యకు వరుసను కట్టే పద్ధతి. సున్న, ఒకటి అనే రెండు అంకెలతోనే కూడికలు, గుణకారాలు చేయడం వేరే సంగతి. దానిని 1703లో లైబ్‌నిట్జ్ ప్రచురించిన వ్యాసంలో చూస్తాము. పింగళుని ఘనతకు అంత సాగదీత అవసరం లేదు.

జయనగరం నుంచి:

మల్లేశ్వరం వారికి ధన్యవాదాలు. మా ఇంటి పక్కన కన్నడ ఉపాధ్యాయులు ఒకరున్నారు. ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, స్రగ్ధర, మహాస్రగ్ధర అనే ఆరింటిని కన్నడంలో ఖ్యాత కర్ణాటక వృత్తాలంటారని ఆయన చెప్పారు. వాటి సంఖ్యలు పక్కపక్కన వ్రాస్తే విచిత్రంగా ఉన్నాయి: ఉత్పలమాల 355799, చంపకమాల 711600, శార్దూలం 149337, మత్తేభం 298676, స్రగ్ధర 302993, మహాస్రగ్ధర 605988. ప్రతి జంటలోనూ రెండవది మొదటి దానికి రెట్టింపు కంటే సరిగ్గా రెండు ఎక్కువ. ఇది కాకతాళీయమా?

మల్లేశ్వరం నుంచి:

కాదండీ. ప్రతి జంటలోనూ మొదటి వృత్తపు తొలి గురువును రెండు లఘువులుగా విడదీస్తే రెండవ వృత్తం వస్తుంది. అలా విడదీయగానే మిగిలిన అక్షరాలన్నీ ఒక్కో స్థానం కుడికి జరుగుతాయి, వాటి మీది అంకెలన్నీ రెట్టింపవుతాయి. తొలి గురువు విలువ ఎలాగూ సున్న. కొత్త లఘువులు రెండూ 1, 2 తెస్తాయి. ఉత్పలమాల మొత్తం 355798 రెట్టింపైతే 711596, దానికి మూడు కలిపితే 711599, 'సైకైః' అన్న ఒకటితో 711600.

ఇంకొక సులువు కూడా ఉంది. మ నుంచి న వరకు గణాలకు 0 నుంచి 7 వరకు విలువలిచ్చి, ఒక్కో గణానికి ఎనిమిది రెట్లు పెంచుకుంటూ పోతే అక్షరాల దాకా దిగనక్కరలేదు. భ ర న భ భ ర వ అంటే 6, 2, 7, 6, 6, 2, 1. దీనినే అమ్మాయి తన పాఠంలో ఆక్టల్ అని చదువుతుంది.

వైట్‌ఫీల్డ్ నుంచి:

కృతజ్ఞతలు. మరి కందానికి ఇటువంటి సంఖ్య ఎందుకు చెప్పరు?

మల్లేశ్వరం నుంచి:

కందం అక్షరాలను కాక మాత్రలను లెక్కించే పద్యం కనుక రెట్టింపు సూత్రం దానికి పనిచేయదు. మాత్రాప్రస్తారంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు మాత్రలకు వచ్చే రూపాలు వరుసగా 1, 2, 3, 5. ముందున్న రెండింటిని కలిపితే తరువాతది వస్తుంది. గగ, స, జ, భ, నల అని కందంలో వాడే గణాలు అయిదే కావడం ఆ నాలుగు మాత్రల లెక్క వల్లనే.