పద్య నాటకానికి చిన్న మిక్సర్: నడిపేది గెయిన్‌తోనా, ఫేడర్‌తోనా?

కనిగిరి వైపు నుంచి:
మా ఊరి తిరునాళ్లకు పౌరాణిక నాటకం పెడుతున్నారు. కమిటీ కొత్తగా ఎనిమిది ఛానళ్ల మిక్సర్ కొనింది. స్టేజీ ముందు నాలుగు మైకులు, హార్మోనియానికి ఒకటి, తబలాకు ఒకటి. ఫేడర్లన్నీ (సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీటలు) సున్నా గీత మీద ఉంచి గెయిన్‌తో (మైకు సౌండ్ మిక్సర్‌లోకి వచ్చే చోటే పెంచే నాబ్) నడపమని ఒకరు, పీఎఫ్ఎల్ (ఫేడర్‌కు ముందున్న సౌండ్‌ను మీటరులో చూపే బటన్) నొక్కి గెయిన్ సెట్ చేసి ఇక ముట్టుకోవద్దని ఇంకొకరు. ఏది పద్ధతి?

ఒంగోలు మైకుసెట్:
సున్నా మీదే పెట్టు తమ్ముడూ. ఆ గీత దగ్గర ఫేడర్ కాస్త జరిపితే సౌండ్ కాస్తే మారుద్ది. అడుగున అంతే జరిపినా ధబేలున పడిపోద్ది. గెయిన్ చెవితో చూసుకుంటే చాలు.

నెల్లూరు రంగస్థలం:
అన్నా, ఫేడర్ సున్నా దగ్గర ఉండాలన్నది నిజమే. అందుకని ఆట మధ్యలో గెయిన్ తిప్పడం మాత్రం నేను ఒప్పుకోను. హార్మోనియం పక్కన పెట్టే మానిటర్‌కు (స్టేజీ మీద వాళ్లు వినే స్పీకరు) సౌండ్ ఆక్స్ అనే వేరే దారి నుంచి పోతుంది. అది ప్రీ-ఫేడర్ అయితే, అంటే ఫేడర్‌కు ముందే సౌండ్ తీసుకునేదైతే, గెయిన్ పెంచగానే మానిటర్ కూడా పెరిగి కీచుమంటుంది. ఫేడర్ ఎంత జరిపినా దానికి తేడా రాదు.

అసలు చిక్కు పద్యం దగ్గరే. మాటలు చెప్పేటప్పుడు నటుడు మైకుకు మూరెడు దూరంలో ఉంటాడు. పద్యం ఎత్తుకోగానే మీదికొచ్చి, పై షడ్జం పట్టుకుని రాగం తీస్తాడు. ఆ రాగానికి గెయిన్ దగ్గరే గొంతు చీలిందంటే, ఆ తర్వాత ఫేడర్ ఎంత దించినా చీలిక పోదు, సౌండ్ తగ్గుతుందంతే. అందుకే టెస్టింగ్‌లో ‘హలో, వన్, టూ, త్రీ’ వద్దు. శ్రీకృష్ణ పాత్రధారిని పిలిచి, రాగంతో సహా ఒక పద్యం పూర్తిగా పాడించండి. పీఎఫ్ఎల్‌లో మీటరు సున్నా చుట్టూ ఆడాలి, ఎర్ర లైటు వెలగకూడదు. ఆ తర్వాత ఫేడర్లు సున్నాకు తెచ్చి, ఊరికి సరిపడా సౌండ్‌ను ఆంప్లిఫయర్ దగ్గర పెట్టుకోండి. గొంతు మైకులకు లో కట్ (అడుగు సౌండ్‌ను తగ్గించే బటన్) నొక్కండి, గాలి గుర్రుమనడం తగ్గుతుంది. తబలాకు మాత్రం వద్దు, డగ్గా పలచబడుతుంది.

ఒంగోలు మైకుసెట్:
అదే మైకు దగ్గరికి మెత్తని గొంతు వాళ్లు కూడా వస్తారు గదా. ఒక్క గెయిన్ ఎట్టా సరిపోద్ది?

నెల్లూరు రంగస్థలం:
అందరికన్నా గట్టి గొంతుకు సెట్ చేయాలన్నా. మెత్తని గొంతుకు ఫేడర్ లేపాలి, సున్నా పైన మామూలుగా ఇంకో పది డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత) ఉంటుంది. అప్పుడు మిగతా మూడు మైకులు దించేయాలి. తెరిచిన మైకులు రెట్టింపైతే, కీచు రాకుండా ఎత్తగల సౌండ్ 3 డీబీ తగ్గిపోతుంది.

ఉదయగిరి భజన:
మా మిక్సర్‌కు పీఎఫ్ఎల్ లేదు, ఫేడర్లు కూడా లేవు, అన్నీ నాబ్‌లే.

నెల్లూరు రంగస్థలం:
పీక్ లైటు, అంటే సౌండ్ మితిమీరితే వెలిగే లైటు చూసుకోండి. పై స్థాయిలో అది మిణుక్కుమనేదాకా గెయిన్ పెంచి, అక్కడి నుంచి కాస్త వెనక్కి తిప్పండి. లెవెల్ నాబ్‌ను ఫేడర్ లాగా వాడుకోండి. రంగం మారేటప్పుడు లెవెల్ దించుకుని గెయిన్ సరిచేసుకోవచ్చు, దానికి నా అభ్యంతరం లేదు. పద్యం నడిచేటప్పుడు మాత్రం గెయిన్ జోలికి పోవద్దు.